స్పోర్ట్ పెర్ఫ్యూమ్ మన ఎండల్లో నిలవాలంటే ఎలా వాడాలి?

"అన్నా, మూడు వేలు పెట్టి కొన్న స్పోర్ట్ పెర్ఫ్యూమ్ అరగంటకే పోతోంది. నకిలీదంటావా?" ఎండాకాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్న నన్ను వదలదు. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "షటిల్ ఆడేముందు కొట్టుకోవాలా, ఆడాక కొట్టుకోవాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ముందుగా ఒక మాట. సీసా మీద స్పోర్ట్ అని రాసినంత మాత్రాన అది చెమటకు విరుగుడు కాదు. ఆట అయిపోయి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నప్పుడు ఒక హాయి ఉంటుంది కదా! ఆ హాయిని ఇంకో మూడు నాలుగు గంటలు పొడిగించడానికే ఈ రకం పెర్ఫ్యూమ్ పనికొస్తుంది. చెమట మీద కొడితే చెమట వాసన పోదు. రెండూ కలిసి మూడో వాసన పుడుతుంది, అది రెండింటికన్నా ఘోరంగా ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదటిసారి ఇలాంటి సీసా కొన్నప్పుడు, మే నెలలో గంటన్నర షటిల్ ఆడి, తడిసిన టీషర్టు మీదే ఏడెనిమిది సార్లు కొట్టుకుని స్నేహితుడి కారెక్కాను. అతను ఏమీ అనలేదు. ఏసీ నడుస్తుండగానే అద్దాలు సగం దించాడు. ఆ రోజు నుంచే దీన్ని సరిగ్గా వాడటం ఎలాగో శ్రద్ధగా నేర్చుకున్నాను.

త్వరగా పోయేలా ఎందుకుంటుంది?

ఈ రకంలో పేరున్నవి కూల్ వాటర్ (1988), పోలో స్పోర్ట్ (1994), అక్వా ది జియో (1996), అల్యూర్ ఓమ్ స్పోర్ట్ (2004). పేర్లు వేరైనా తీరు ఒకటే. మొదట నిమ్మ, నారింజ, పుదీనా లాంటి చల్లటి వాసన గుప్పుమంటుంది. మధ్యలో సముద్రపు గాలినో, అల్లాన్నో, లావెండర్‌నో గుర్తు తెచ్చే వాసన వస్తుంది. చివరికి దేవదారు చెక్క, కస్తూరి లాంటి నెమ్మదైన వాసన చర్మానికి అంటుకుని ఉంటుంది. ఆ సముద్రపు వాసన వెనక ఎక్కువగా ఉండేది కాలోన్ అనే రసాయనం. 1966లో ఫైజర్ కంపెనీ వాళ్లు తయారుచేశారు. పుచ్చకాయ కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన దానిలో స్పష్టంగా తెలుస్తుంది.

దబ్బకాయ తొక్క గోటితో గిల్లి చూడండి. ఒక్కసారి ముక్కంతా నిండుతుంది, పది నిమిషాల్లో ఏమీ ఉండదు. స్పోర్ట్ పెర్ఫ్యూమ్‌లో మొదటి భాగం అచ్చం అలాంటిదే. అది త్వరగా పోవడం దాని స్వభావం, నకిలీ అనడానికి గుర్తు కాదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కావలసినవి

- మీ పెర్ఫ్యూమ్. సీసా మీద ఈడీటీ (ఓ ద త్వాలెట్) అని ఉంటే తేలిక రకం, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అని ఉంటే కొంచెం చిక్కటిది. పగటి ఎండకు ఈడీటీ నయం.
- వాసన లేని సబ్బు. లేదంటే వాసన తక్కువున్నదైనా సరే.
- చంకలకు చెమట తగ్గించే రోల్ ఆన్, ఇది కూడా వాసన లేనిదే.
- వాసన లేని మాయిశ్చరైజర్ కొద్దిగా.
- పొడి తువ్వాలు, చెమట తుడుచుకోవడానికి ఒక చేతి రుమాలు.
- 5 నుంచి 10 మి.లీ. పట్టే చిన్న స్ప్రే సీసా. పెద్ద సీసా బ్యాగులో వేసుకుని తిరగాల్సిన పని ఉండదు.
- నిజం చెప్పే మనిషి ఒకరు. అమ్మ, భార్య, తమ్ముడు, రూమ్మేట్, ఎవరైనా సరే. వీరు లేకపోతే ఫలితం చూసుకోవడం కష్టం.

వాసన లేనివే అని ఇంత పట్టు ఎందుకంటే, సబ్బుది మల్లె వాసన, డియోది చాక్లెట్ వాసన, తలనూనెది ఇంకో వాసన అయితే మీ పెర్ఫ్యూమ్ వాటి మధ్య తెలియదు. చాలామంది పోయిందనుకునేది నిజానికి పోలేదు, మిగతా వాటి కింద పడిపోయింది.

చేసే పద్ధతి

1. ముందు చర్మం మీద పరీక్షించండి. కొత్త సీసా అయితే మోచేతి మడతలో ఒక్క స్ప్రే కొట్టి ఒక రోజంతా ఆగండి. దురద, మంట, ఎర్రటి దద్దుర్లు వస్తే అది మీ ఒంటికి పడదు. ధర ఎంతైనా పక్కన పెట్టేయండి. అంతగా ఇష్టమైతే బట్టల మీద మాత్రమే వాడుకోవచ్చు.

2. స్నానం చేసి ఒళ్లు చల్లబడనివ్వండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తువ్వాలుతో తుడుచుకున్న వెంటనే ఒళ్లు పొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. వేడినీళ్ల స్నానం తర్వాత, లేదా ఆట ఆడి వచ్చి స్నానం చేసిన తర్వాత, లోపలి వేడి తగ్గేదాకా చెమట పడుతూనే ఉంటుంది. ఫ్యాను కింద కనీసం పది నిమిషాలు కూర్చోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. చేత్తో ఛాతీ మీద రాసి చూడండి. అరచేతికి జిగురు తగలకపోతే తయారైనట్టే.

3. చంకల సంగతి విడిగా చూడండి. చెమటకు తనంతట తనకు పెద్ద వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడే కంపు వస్తుంది. అందుకని చంకల్లో పెర్ఫ్యూమ్ ఎప్పుడూ కొట్టకండి, పైగా మంట పుడుతుంది. అక్కడ రోల్ ఆన్ పని చేయాలి. దాన్ని రాత్రి పడుకునేముందు పొడి చర్మం మీద రాసుకుంటే పొద్దున రాసినదానికన్నా బాగా పని చేస్తుంది. రాత్రి చెమట తక్కువ కాబట్టి మందు లోపలికి దిగడానికి సమయం దొరుకుతుంది.

4. చర్మం పొడిబారి ఉంటే మాయిశ్చరైజర్ పలచగా రాయండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్, కరీంనగర్ వైపు వాళ్లకు ఇది తప్పనిసరి. పొడి చర్మం మీద వాసన నిలవదు. ఎండాకాలంలో, తీరప్రాంతాల్లో ఈ మెట్టు దాటేయొచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు, దాని వాసన దీన్ని మింగేస్తుంది.

5. జానెడు దూరం నుంచి, మూడు చోట్ల. ఛాతీ మధ్యలో ఒకటి, మెడ వెనక ఒకటి, ఎడమ మోచేతి మడతలో ఒకటి. మూడు చాలు. ఏసీ ఆఫీసులో పది మంది మధ్య కూర్చునే వాళ్లకు రెండు చాలు. దగ్గరగా పెట్టి కొడితే ఒకేచోట తడిసి మచ్చలా నిలుస్తుంది, దూరంగా పెడితే గాలికి పోతుంది. అందుకే జానెడు.

మణికట్టు మీద కొట్టుకోమని అందరూ చెబుతారు. నేను కుడి మణికట్టు వద్దంటాను. మనం చేత్తో తినేవాళ్లం. పప్పన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చినప్పుడల్లా సముద్రపు గాలి వాసన వస్తే అన్నం సహించదు. తిన్నాక చేయి కడుక్కుంటే కొట్టుకున్నది కూడా పోతుంది. ఎడమ చేతికి వాచీ తోలు పట్టీ ఉంటే అక్కడా వద్దు, తోలు ఆ వాసన పీల్చుకుని వారం దాకా వదలదు.

6. రుద్దకండి, ఆగండి. కొట్టుకున్న చోట రెండో చేత్తో రుద్దడం చాలామందికి అలవాటు. రుద్దితే వేడి పుట్టి, మొదట వచ్చే నిమ్మ వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. రెండు నిమిషాలు అలా వదిలేసి, పెర్ఫ్యూమ్‌లోని స్పిరిట్ (ఆల్కహాల్) ఆరాక చొక్కా తొడుక్కోండి.

7. ఎక్కువసేపు కావాలంటే బట్ట మీద ఒకటి. నూలు చొక్కా కాలరు లోపలివైపు ఒక్క స్ప్రే. నూలు మీద వాసన చర్మం మీదకన్నా చాలాసేపు ఉంటుంది, ఎందుకంటే బట్ట ఒంటిలా వేడెక్కదు. ముందుగా చొక్కా అడుగున లోపలి అంచు మీద కొట్టి మచ్చ పడుతుందేమో చూడండి. తెల్ల చొక్కా, పట్టు చొక్కా, పట్టు పంచె మీద మాత్రం వద్దు. పెళ్లికి కట్టుకున్న పట్టుపంచె మీద పసుపు మచ్చ పడితే అది పోదు.

ఆట ఉన్న రోజు

ముందు కొట్టుకోవాలా, తర్వాతా అంటే, నా జవాబు తర్వాతే. ముందు కొట్టుకున్నది పావుగంటలో చెమటతో పాటు కారిపోతుంది. ఒంట్లో వేడి పెరిగేకొద్దీ వాసన ఒక్కసారిగా పైకి లేస్తుంది, పక్కన ఆడేవాళ్లకు తల తిరుగుతుంది. మూసి ఉన్న షటిల్ కోర్టులో, జిమ్ములో ఇది మరీ ఎక్కువ. అందరూ గట్టిగా ఊపిరి తీసుకుంటూ ఉండే చోటది. ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉండొచ్చు.

మరీ కావాలనిపిస్తే, ఆటకు అరగంట ముందు ఛాతీ మీద ఒక్కటంటే ఒక్కటి కొట్టుకోండి. ఆట మధ్య విరామంలో మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆట తర్వాత వరస ఇది: నీళ్లు తాగండి, పావుగంట కూర్చోండి, స్నానం చేయండి, మళ్లీ చల్లబడండి, అప్పుడు రెండు స్ప్రేలు, అవి ఆరాక ఉతికిన బట్టలు వేసుకోండి. స్నానానికి వీలు లేకపోతే తడి రుమాలుతో మెడ, ఛాతీ, చంకలు తుడిచి, పొడి రుమాలుతో ఆరబెట్టి, ఒక్క స్ప్రే కొట్టి, ఆరాక వేరే టీషర్టు వేసుకోండి. టీషర్టు మార్చడానికి కూడా వీలు లేని రోజు అసలు కొట్టుకోకండి. ఇంటికి వెళ్లేదాకా మామూలు చెమట వాసనతో ఉండటంలో తప్పేమీ లేదు.

బైకు మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఇంట్లో కొట్టుకోవద్దు. మేలో విజయవాడ రోడ్ల మీద నలభై నిమిషాలు వెళ్తే మొదటి రెండు భాగాలూ దారిలోనే పోతాయి. చిన్న స్ప్రే సీసా బ్యాగులో పెట్టుకుని, ఆఫీసుకు చేరాక వాష్‌రూములో మొహం, మెడ కడుక్కుని, ఆరబెట్టుకుని అక్కడ కొట్టుకోండి. ఒకే సీసా రెండింతలు నిలుస్తుందని అప్పుడు అర్థమవుతుంది.

జాగ్రత్తలు

- గడ్డం గీసుకున్న వెంటనే మెడ ముందుభాగం మీద కొట్టకండి. బాగా మండుతుంది, కొందరికి నల్లబడుతుంది కూడా.
- ఎండలోకి వెళ్లేముందు ఎండ తగిలే చర్మం మీద వద్దు. పెర్ఫ్యూముల్లో వాడే బెర్గమోట్ (నిమ్మజాతి పండు) నూనెలో ఉండే బెర్గాప్టెన్ అనే పదార్థం ఎండ తగిలితే గోధుమ రంగు మచ్చలు తెస్తుంది. పెద్ద కంపెనీలు చాలావరకు దాన్ని తీసేసిన నూనె వాడతాయి. సొంతంగా కలిపి అమ్మే నూనెల విషయంలో ఆ నమ్మకం లేదు. చొక్కా కింద దాగే చోట కొట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.
- ఇందులో ఎక్కువ భాగం స్పిరిటే. దేవుడి గదిలో దీపం దగ్గర, వంటగదిలో గ్యాస్ పొయ్యి దగ్గర, సిగరెట్ వెలిగించుకుంటూ కొట్టకండి.
- గ్యాస్‌తో నింపిన డియో డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులభంగా దాటుతుంది, డబ్బా పేలే ప్రమాదం ఉంది. దాన్ని కారులో వదిలి దిగకండి.
- చంటిపిల్లల్ని ఎత్తుకునే ముందు ఛాతీ మీద, మెడ మీద కొట్టుకోవద్దు. ఆ రోజుకు బట్ట అడుగు అంచు మీద ఒకటి చాలు.

నిలిచిందో లేదో చూసుకోవడం

మీ ముక్కును నమ్మకండి. అగరొత్తులు అమ్మే కొట్టులో కూర్చునే వాళ్లకు ఆ వాసన తెలియదు, లోపలికి వచ్చిన మనకే తెలుస్తుంది. అలాగే మీ ఒంటి మీది వాసనను మీ ముక్కు పావుగంటలో పట్టించుకోవడం మానేస్తుంది. అరగంటకే పోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి అసలు పోనే లేదు. వాళ్లకు తెలియడం లేదంతే. తెలియట్లేదని మళ్లీ మళ్లీ కొట్టుకుని ఎదుటివాళ్లకు తలనొప్పి తెప్పిస్తారు.

కాబట్టి ఇలా చేయండి. కొట్టుకున్న పది నిమిషాలకు ఇంట్లో మనిషిని చేయి చాపిన దూరంలో నిలబెట్టి అడగండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "వస్తోందా? ఎంత దూరం నుంచి వస్తోంది?" అని అడగండి. చేయి చాపిన దూరంలో లీలగా తెలిస్తే సరిపోయినట్టు. గది గుమ్మం దగ్గరే తెలిస్తే రేపటి నుంచి ఒకటి తగ్గించండి. మూడు గంటల తర్వాత మళ్లీ అడగండి. దగ్గరికి వస్తే తెలుస్తోందంటే మీ సీసా మంచిదే. అప్పటికే ఏమీ లేదంటే 4, 7 మెట్లు సరిచూసుకోండి.

ఒంటరిగా ఉండేవాళ్లకు చొక్కా పరీక్ష ఉంది. సాయంత్రం చొక్కా విప్పి వంకీకి తగిలించి, బయట పది నిమిషాలు నడిచి వచ్చి ఆ కాలరు వాసన చూడండి. మీ ముక్కు అప్పటికి తేరుకుని ఉంటుంది. ఇలా నాలుగైదు రోజులు, ఎన్ని స్ప్రేలు, ఎక్కడెక్కడ, ఎన్ని గంటలు నిలిచింది అని ఫోనులో రాసుకుంటే మీ లెక్క మీకు దొరుకుతుంది. ఆ లెక్క నాది కాదు, మీ పక్కింటివాళ్లదీ కాదు. ఒక్కో చర్మం ఒక్కో తీరు.

కొనేటప్పుడు

షాపులో కాగితం ముక్క మీద కొట్టి ఇస్తారు. దాన్ని చూసి కొనకండి. కాగితానికి చెమట పట్టదు. నచ్చిన రెండింటిని చెరో మోచేతి మడతలో కొట్టించుకుని షాపు బయటికి వచ్చేయండి. ఎండలో కాసేపు నడవండి, టీ తాగండి. అరగంట తర్వాత ఏది నచ్చుతుందో అదే మీది. మూడోది ప్రయత్నించకండి, ముక్కు అలిసిపోతుంది. కాఫీ గింజలు వాసన చూడమంటారు, దానికన్నా బయటి గాలే మేలు.

పెట్టె మీద ఎంఆర్‌పీ, ఎప్పటిలోపు వాడాలన్న తేదీ, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయా చూడండి. పెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్నది ఒకటే కావాలి. ధర మరీ సగానికి సగం తక్కువగా ఉంటే అనుమానించండి. మొదటిసారి పెద్ద సీసా వద్దు. ఒక స్ప్రేకు సుమారు 0.1 మి.లీ. పడుతుందనుకుంటే 50 మి.లీ. సీసాలో దాదాపు 500 స్ప్రేలు ఉంటాయి. రోజుకు మూడు చొప్పున అయిదు నెలలు పైనే వస్తుంది.

దాచేది బీరువాలో, దాని పెట్టెలోనే. బాత్రూంలో గీజరు ఆవిరికి, కిటికీ దగ్గర ఎండకు పాడవుతుంది. రంగు ముదిరి, కొట్టగానే పుల్లటి వాసన వస్తే దాని పని అయిపోయినట్టే.

స్పిరిట్ పడనివాళ్లకు, వద్దనుకునేవాళ్లకు

వట్టివేళ్ల అత్తరు ఒకసారి చూడండి. హైదరాబాద్ చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో ఖస్ అని అడిగితే ఇస్తారు. ఎండాకాలం వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లితే వచ్చే చల్లటి వాసన అది. నా వరకు నాకు, మన ఎండకు దీన్ని మించిన స్పోర్ట్ వాసన లేదు. స్పిరిట్ ఉండదు కాబట్టి నమాజుకు వెళ్లే స్నేహితులు కూడా ఇదే ఇష్టపడతారు. చెవి వెనక ఒక చుక్క, ఛాతీ మీద ఒక చుక్క చాలు. నూనె కాబట్టి బట్టకు మాత్రం తగలనివ్వకండి.

బ్యాగు, బూట్లు

అన్నీ సరిగ్గా చేసినా ఇంకా ఏదో వాసన వస్తోందంటే, అది మీ దగ్గర నుంచి కాదు, కిట్ బ్యాగు నుంచి. తడిసిన టీషర్టు, సాక్సులు రాత్రంతా జిప్పు వేసిన బ్యాగులో ముక్కిపోతే ఆ వాసన బ్యాగు గుడ్డకు పట్టేస్తుంది. దాని మీద పెర్ఫ్యూమ్ కొట్టడం డబ్బు దండగ. ఇంటికి రాగానే తడి బట్టలు తీసి తీగ మీద వేయండి. బూట్ల లోపలి అట్ట బయటికి లాగి రాత్రంతా ఫ్యాను గాలికి, పొద్దున గంటసేపు ఎండకు పెట్టండి. ఆదివారం బ్యాగు తిరగేసి సర్ఫు నీళ్లతో కడగండి. రెండు వారాల తర్వాత కూడా అట్ట వాసన వస్తుంటే కొత్త జత అట్టలు కొని వేసుకోండి.